పిలవకుండా ఏ ఇల్లూ దాటదు

నాకు ఊళ్లు కళ్లతో గుర్తుండవు, చెవులతో గుర్తుంటాయి. మార్టూరు అనగానే గ్రానైటు పలక మీద తిరిగే పాలిషు చక్రం, దాని మీద ఆగకుండా పడే నీళ్లు వినపడతాయి. అద్దంకి అంటే బస్టాండులో మజ్జిగ అమ్మే ఆవిడ ఖాళీ గ్లాసుని బల్ల మీద బోర్లించే చప్పుడు. పత్తి చేలకి మాత్రం చప్పుడే లేదు. కాయ పగిలి దూది బయటికొస్తుంటే ఎలా ఉంటుందో విందామని చాలాసార్లు మైకు పెట్టుకుని గట్టు మీద కూర్చున్నాను. గాలి తప్ప ఏమీ దొరకలేదు. మా ఇంట్లో వాళ్లు దీన్ని పిచ్చి అంటారు, నేను ఉద్యోగం అంటాను.

మాది చిన్న రేడియో. చుట్టుపక్కల నాలుగు మండలాలు దాటితే గరగర తప్ప వినపడదు. అందులో పనిచేసుకునే మనుషుల మీద ఒక చిన్న కార్యక్రమం నాది. వాళ్ల మాట, వాళ్ల పని చప్పుడు, అంతే. మధ్యలో నా గొంతు ఉండదు. మధ్యమధ్యలో నువ్వు కాస్త వివరించకపోతే వినేవాడికి ఏం అర్థమవుతుందని మా స్టేషను పెద్దాయన ఎప్పుడూ సణుగుతుంటాడు. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, ఆయనకి కత్తెర చేతిలో ఉంటుంది. ఏళ్లుగా ఇద్దరం ఇలాగే లాక్కొస్తున్నాం.

నాకు ఇంకో అలవాటుంది. కార్యక్రమం వచ్చే వేళకి ఆ మనిషి ఇంటికి వెళ్లి పక్కన కూర్చుంటాను. తన గొంతు రేడియోలోంచి వస్తుంటే మనిషి ముఖం ఎలా మారుతుందో చూడటం నాకు ఇష్టం. మార్టూరు దగ్గర దూదేకే సాయిబు ఒకాయన, పరుపుల్లోకి దూది ఏకే విల్లు తీగ మోగుతుంటే తల ఊపుతూ మొత్తం విన్నాడు. అయిపోయాక భార్యతో, ఎవరో గానీ పనెరిగినోడే, బాగా చెప్పాడు అన్నాడు. ఆ మనిషి తనేనని ఆవిడ చెప్పినా ఒప్పుకోలేదు. ఆ రోజు బస్సులో ఇంటికొస్తూ దారంతా నవ్వుకున్నాను.

ఈ కథ మాత్రం ఒక మేస్త్రిది. మేస్త్రి అంటే ఇల్లు కట్టే మేస్త్రి కాదు. మిరప కోతలకి, పత్తి తీతలకి ఆడవాళ్లని జట్టుగా తీసుకుపోయే మనిషి. ఆ జట్టుని మా వైపు ముఠా అంటారు. రైతు వచ్చి రేపు ఇంతమంది కావాలని మేస్త్రికి చెబుతాడు, పొద్దున్నే అంతమందినీ ఆటో ఎక్కించి చేలో దింపే పూచీ మేస్త్రిది. అద్దంకి నుంచి లోపలికి పోయే దారిలో ఒక పల్లెలో అలాంటి ముఠాని నడిపే ఆడ మేస్త్రి ఆవిడ.

మొదటిసారి ఆవిడని చూసింది మంచులో. మిరప చేను ఎర్రగా ఉందో లేదో కూడా తెలియనంత మంచు. అందులోంచి ఒక గొంతు మాత్రం వస్తోంది, సాళ్ల మధ్య వెనకబడ్డ వాళ్లని ముందుకు లాగుతూ, ముందు ఉరికే వాళ్లని ఆపుతూ. మనిషి కనపడదు. ఆడవాళ్లంతా చీర మీద మగవాళ్ల పాత చొక్కాలు తొడుక్కుని, తలకి తువ్వాళ్లు చుట్టుకుని, ఆ గొంతు ఎటు చెబితే అటు కదులుతున్నారు. నేను గట్టు మీద హెడ్‌ఫోన్లు పెట్టుకుని నిలబడి ఎక్కడికొచ్చానో మర్చిపోయాను. ఎండ పడ్డాక చూస్తే పొడుగాటి మనిషి, మోచేతుల దాకా మడిచిన గళ్ల చొక్కా, నెరిసిన జుట్టు. నీ మీద ఒక కార్యక్రమం చేస్తానంటే వద్దంది. కోసే చేతులు ఇన్నుంటే నా నోటితో నీకేం పని, పో, వాళ్లని అడుగు అని తరిమేసింది. నేను నంబరు ఇచ్చి వచ్చేశాను.

కొన్నాళ్లకి ఆవిడే ఫోను చేసింది.

"అమ్మాయ్, నువ్వు గొంతులు పట్టుకుంటావంట గదా. నాది ఉండంగానే వచ్చి పట్టుకో."

గొంతులో గడ్డ లేచిందట. గుంటూరులో పెద్ద డాక్టరు చూసి తీసెయ్యాలన్నాడట, రోజు కూడా ఖాయమైందట. తీశాక ప్రాణానికి ఢోకా లేదు గానీ మాట ఉండొచ్చు, పోవచ్చు, ముందే చెప్పలేనన్నాడట. ఇదంతా చేలో మిగతావాళ్లకి పని పురమాయించినంత మామూలుగా చెప్పింది. 

మర్నాడు సాయంత్రమే సంచీ సర్దుకుని వెళ్లాను. ఆవిడ ఇల్లు వీధి మొదట్లో ఉంటుంది. భర్త పోయాడు, కూతురు అత్తగారింట్లో ఉంది. గోడ మీద ఏసు బొమ్మ ఉన్న క్యాలెండరు, దాని కింద మేకుకి వేలాడే స్టీలు క్యారేజీ, ఒక నులక మంచం. నాకు మంచం ఇచ్చి తను కింద పడుకుంది, ఎంత చెప్పినా వినలేదు. అన్నాలు తిన్నాక తన పని గురించి చెప్పింది.

తన పని నిజానికి చేలో కాదు, వీధిలో మొదలవుతుందట. కోడి కూసే వేళకి లేచి, వీధి ఒక పక్కన పొడుగునా పోయి, చివర తిరిగి, తన ఇల్లున్న రెండో పక్కన వెనక్కి వస్తూ ఒక్కో ఇంటి ముందు నిలబడి పిలవాలి. ముందు ఆవిడ అత్తగారు పిలిచేదట. అత్తగారు మంచాన పడ్డాక వీధి ఈవిడ చేతికొచ్చింది. పేర్లు పెట్టి పిలవదు. తెల్లారకముందు పేరు పెట్టి పిలిస్తే పోలీసులొచ్చినట్టుంటుందని నవ్వింది. వేపచెట్టింటి వదినా, మిషను కుట్టే పిల్లా, కవలల తల్లీ, ఇట్లా ఎవరి ఆనవాలు వాళ్లకుంటుంది. దానికి ఒక కట్టుబాటుంది. పిలవకుండా ఏ ఇల్లూ దాటకూడదు. లోపలి నించి జవాబు వచ్చేదాకా అక్కణ్నించి కదలకూడదు. పనికి రాని వాళ్లనీ పిలవాలి, ఎడమొహం పెడమొహంగా ఉన్నవాళ్లనీ పిలవాలి.

"వచ్చేది రానిది వాళ్లిష్టం. పిలవకుండా దాటేశామా, ఆ ఇంటిని మనమే తీసేసినట్టు" అంది.

ముఠాలో చదువుకున్న పిల్లలు ఫోనులో గ్రూపు పెట్టి అందరికీ ఒకేసారి చెప్పేద్దాం పెద్దమ్మా అన్నారట. మెసేజీ చూడని వాళ్ల గుమ్మంలో ఎవరు నిలబడతారే అని ఈవిడ అడిగిందట. అయినా ఆ పిల్లలు గ్రూపు పెట్టుకున్నారు.

తెల్లవారుజామున ఆవిడ వెనకాలే నడిచాను. చెవులకి హెడ్‌ఫోన్లు, చేతిలో మైకు. ఆ నడకని ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. చీకటి, మంచు, కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు. హెడ్‌ఫోన్లలో చిన్న చప్పుళ్లు పెద్దవవుతాయి, అందుకని నిద్రపోతున్న ఆ వీధి మొత్తం నా చెవుల్లో ఊపిరి తీసుకుంటోంది. ఎవరో పక్క మీద అటు నించి ఇటు తిరిగారు. ఎక్కడో గేదె గిట్టలు మార్చుకుంది. ఆ ఊపిరి మధ్యలోకి ఆవిడ పిలుపు వెళ్లేది.

"వేపచెట్టింటి వదినోయ్... వస్తన్నావా..."

ఆఖర్న ఉన్న ఆ దీర్ఘాన్ని ఆవిడ వదిలేది కాదు. లోపల్నించి జవాబు అందుకునే దాకా అది అలా సాగుతూ ఉండేది. జవాబులు ఒక్కో ఇంట్లో ఒక్కో రకం. ఒకరు ఆ అంటారు, ఒకరు దగ్గుతారు, ఒకరింట్లో లైటు వెలుగుతుంది. రెండో వరసలో ఒక ముసలావిడకి గొంతు పెగలదు, ఆవిడ క్యారేజీ మూత తీసి గిన్నె మీద రెండుసార్లు కొడుతుంది. టక్ టక్. మేస్త్రి ఆ చప్పుడు విని, బంగారు తల్లి అనుకుంటూ ముందుకు కదిలేది. నాకేమో కాళ్లు నేల మీద ఉన్నట్టు లేదు. చిన్నప్పుడు జ్వరంలో పడుకుని, వంటింట్లో అమ్మ చప్పుళ్లు వింటున్నప్పుడు ఇలాగే ఉండేది.

వీధి చుట్టి వస్తే ఆఖరి ఇల్లు ఆవిడ ఇంటి పక్కదే. అది తోడికోడలిది. రెండిళ్లకీ మధ్య ఒక సందు, ఆ సందులో ఒక కాలువ. గిన్నెలు కడిగిన నీళ్లు ఎవరి గుమ్మం ముందు నించి పారాలనే దాని మీద ఇద్దరికీ మాటలు పోయాయి. అప్పట్నించీ తోడికోడలు వేరే ముఠాలో పోతోంది. చర్చిలో కూడా ఒకరు కుడివైపు చాప మీద కూర్చుంటే ఒకరు ఎడమవైపు. అయినా ఆ పొద్దున ఆవిడ ఆ గుమ్మం ముందు కూడా నిలబడింది.

"చెల్లే... వస్తన్నావా..."

జవాబు లేదు. దీర్ఘం అయిపోయింది. ఆవిడ కదల్లేదు. నా చెవుల్లో మాత్రం తలుపు వెనక గాజులు కదిలాయి, ఒక చెంబు నేల మీద నెమ్మదిగా ఆనింది. లోపలి మనిషి మెలకువగానే ఉంది. ఇద్దరూ ఒకే తలుపుకి అటూ ఇటూ నిలబడి ఉన్నారని ఆ వీధిలో నా ఒక్కదానికే తెలుసు. నాకు తలుపు తట్టాలనిపించింది. కాసేపటికి మేస్త్రి తువ్వాలు దులుపుకుని, సందు దాటి తన గుమ్మంలోకి వచ్చేసింది. రోజూ ఇంతేనట.

అప్పుడు నాకు తట్టింది. వీధిలో ఎవరూ పిలవని గుమ్మం ఒకటే, ఆవిడది. అదే మాట అడిగాను.

"నేను లేచాకే గదమ్మా వీధి లేచేది. నన్ను ఎవరు పిలుస్తారు?" అని నవ్వి, పొయ్యి దగ్గరికి పోయింది.

ఆవిడ గుంటూరు ఆసుపత్రిలో చేరిన వారంలోనే నేను కార్యక్రమం పూర్తి చేశాను. వీధి మొత్తం అందులో పెట్టాను, ఒక్క ఇల్లు కూడా వదల్లేదు. ఆఖరి ఇంటి ముందు నిశ్శబ్దాన్ని కూడా ఉన్నదున్నట్టు ఉంచాను. పెద్దాయన విని తల పట్టుకున్నాడు. రెండిళ్లు చాలు, మిగతావి కోసెయ్ అన్నాడు. ఆ నిశ్శబ్దం దగ్గర వినేవాళ్లు స్టేషను పోయిందనుకుని వేరేది పెట్టుకుంటారన్నాడు. రేడియోలో నిశ్శబ్దం మహాపాపం, అది నాకూ తెలుసు. కానీ ఒక్క ఇంటిని కోసినా ఆ ఇంటిని నేనే తీసేసినట్టని ఆయనకి ఎలా చెప్పాలి? చెప్పడం చేతగాక అరిచాను. కొయ్యను, కోస్తే ఇవ్వను అన్నాను. ఆయన కూడా అరిచాడు. ఆఖరికి, నీ పిలుపులు నువ్వే వినుకో అని సాయంత్రం వేళ తీసేసి, తెల్లవారుజామున వాతావరణ సమాచారానికి ముందు ఎవరూ వినని చోట పడేశాడు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు నేను.

మేస్త్రి ఇంటికొచ్చిందని తెలిసి చూడటానికి వెళ్లాను. మెడకి కట్టు, మనిషి సగమైంది. నన్ను చూసి నోరు తెరిచింది. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. చెవి దగ్గర పెట్టి వింటే ఆ గాలిలో మాటలున్నాయి. కొన్నాళ్లాగితే గొంతు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, అరవడం మాత్రం కుదరదు అన్నాడట డాక్టరు. చర్చి పాస్టరు గారు రోజూ వచ్చి ప్రార్థన చేసి పోతున్నారు. నేను బ్యాగులో తెచ్చిన బత్తాయిలు తీసి పెట్టి, ఇంకేం చెయ్యాలో తెలియక వాటినే మళ్లీ మళ్లీ సర్దుతూ కూర్చున్నాను.

కోతలు ముమ్మరంగా ఉన్నాయి. మొదట్లో ఆడవాళ్లు ఎవరికి వాళ్లే లేచి వచ్చారట. తర్వాత ఒకరు ముందు, ఒకరు వెనక. ఆటో నిలబడి నిలబడి హారను కొట్టడం, రైతు విసుక్కోవడం. పక్కూరి మేస్త్రి ఫోనులో మెసేజీ పెట్టి వీధి మొదట్లోకే ఆటో పంపుతుంటే ఒక్కొక్కరే దాంట్లో ఎక్కేస్తున్నారు. ఆ గ్రూపు పెట్టుకున్న పిల్లలు ముందు పోయారు. వాళ్లని తప్పు పట్టలేం, కోతల కాలం పోతే పని ఎక్కడిది? ఎవరో ఈవిడకి ఈల తెచ్చిచ్చారు. ఇంకెవరో పళ్లెం మోగించుకుంటూ వీధంట పో అన్నారు. రెండూ చెయ్యలేదు. ఎందుకని అడిగితే నా చెవి దగ్గరికి వంగింది.

"వాళ్లు ఎడ్లు గాదు గదా" అంది. మెడ కట్టు సర్దుకుని, "ముఠా చెదిరిపోయిద్దమ్మాయ్. అదే నా భయం. గొంతు పోతే పోయింది" అంది.

ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ చూపు వీధి మీద ఉంది. నాకు దుఃఖం ముంచుకొచ్చింది. నా దగ్గర ఆవిడకి ఇవ్వడానికి ఏముంది, పొద్దున్నే ఎవరూ వినని ఒక కార్యక్రమం తప్ప. అది ఏ రోజు వస్తుందో చెప్పి, ఆ పొద్దుటికి నేనూ ఇక్కడే ఉంటానన్నాను. వెళ్తూ వెళ్తూ వీధి మధ్యలో చర్చి దగ్గర పాస్టరు గారు కనపడితే ఆయనకీ చెప్పాను. ఆయన చాలా సంతోషించారు, వేళ ఎప్పుడని రెండుసార్లు అడిగి తెలుసుకున్నారు. దాని గురించి నేను ఏమీ ఆలోచించలేదు.

కార్యక్రమానికి ముందు రోజు మధ్యాహ్నం నేను బస్సు దిగేసరికి మబ్బు పట్టింది. కాలం కాని కాలంలో వాన. కల్లాల్లో మిరపకాయలు తడవకుండా పట్టాలు కప్పడానికి వీధి వీధంతా పరిగెత్తింది, ఆ ముఠా ఈ ముఠా అని లేదు. నేనూ ఒక పట్టా కొస పట్టుకున్నాను, గాలికి అది నన్నే లాక్కుపోయింది, అందరూ నవ్వారు. మేస్త్రి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఎవరు ఎటు పోవాలో చెయ్యి ఊపి చెబుతోంది గానీ అటు చూసే తీరిక ఎవరికీ లేదు. చీకటి పడ్డాక వాన తగ్గింది. తడిసిన కాయ కొయ్యరు, కోస్తే బూజు పడుతుంది. రేపు పని లేదని ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఒళ్లు హూనమై అందరూ పెందలాడే పడుకున్నారు.

తెల్లవారుజామున ఆవిడ నా భుజం తట్టి లేపింది. లాంతరు వెలుగులాంటి చిన్న బల్బు. మంచం మీద ఇద్దరి మధ్యా నా ఫోను, దాంట్లో రేడియో సన్నగా పెట్టాను. ఆవిడ మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకుని, చర్చిలో కూర్చున్నట్టు చేతులు ఒళ్లో పెట్టుకుంది. పాటలు అయిపోయాయి. కోడి కూసింది, అది నేను పెట్టిన కోడే. తర్వాత ఆవిడ అడుగుల చప్పుడు.

మొదటి పిలుపు ఫోనులోంచి వచ్చింది. వెంటనే అదే పిలుపు బయట ఆకాశంలోంచి వచ్చింది, ఇంటి రేకులు అదిరేంత పెద్దగా.

"వేపచెట్టింటి వదినోయ్... వస్తన్నావా..."

పాస్టరు గారు తన ఫోనుని చర్చి మైకు ముందు పెట్టేశారు. ఆవిడ గౌరవార్థం, వీధంతా వినాలని. ఎవరికీ చెప్పకుండా.

మేస్త్రి లేచి నిలబడింది. నేనూ ఆవిడ వెనకే గుమ్మంలోకి వచ్చాను. వానకి కడిగేసిన చీకటి, వీధంతా బురద, నీళ్లు. ఆ గొంతు మా తల మీదుగా ఇంటింటికీ పోతోంది. ముందు వేపచెట్టింటి తలుపు తెరుచుకుంది. లోపల్నించి, ఆ, వస్తన్నా అన్న మాట, వెనకే చొక్కా చేతులు తొడుక్కుంటూ ఒక మనిషి. మిషను కుట్టే పిల్ల ఇంట్లో లైటు వెలిగింది. కవలల తల్లి తలకి తువ్వాలు చుట్టుకుంటూ మెట్లు దిగింది. పక్కూరి ఆటో ఎక్కి పోతున్న పిల్లలు కూడా కళ్లు నులుముకుంటూ వచ్చారు. రేపు పని లేదని పడుకునే ముందు ప్రతి ఒక్కరికీ తెలుసు. నిద్రలో ఉన్న ఒంటికి ఎవరూ చెప్పలేదు. ఇన్నేళ్లూ ఆ గొంతు పిలిస్తే లేచిన ఒళ్లు, లేచాయి. రెండో వరస ముసలావిడ దగ్గరికొచ్చేసరికి మైకులో టక్ టక్ అని మూత మోగింది. కాస్త ఆగి, ఆవిడ ఇంట్లోంచి నిజం మూత మోగింది.

చేతుల్లో క్యారేజీలతో అందరూ బురదలో నిలబడ్డారు. కాళ్లకి తడి తగిలాక ఒక్కొక్కరికే మెలకువ వస్తున్నట్టుంది. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు గానీ ఎవరూ లోపలికి పోలేదు. మైకులో ఆ నడక ఇంకా ఉంది, అది ముగిసేదాకా నిలబడాలన్నట్టు నిలబడ్డారు. మేస్త్రి నా ముంజేతిని పట్టుకుంది, అంత గట్టిగా పట్టుకున్నట్టు ఆవిడకి తెలియదు.

"చెల్లే... వస్తన్నావా..."

ఆ తర్వాత నేను పోట్లాడి మిగిల్చిన నిశ్శబ్దం. అది చర్చి మైకులోంచి వీధంతా పరుచుకుంది. పాస్టరు గారు మైకు పోయిందనుకుని రెండుసార్లు వేలితో కొట్టారు. ఎక్కడా చప్పుడు లేదు. ఎంత పొడుగ్గా ఉందో ఆ నిశ్శబ్దం, పెద్దాయన చెప్పింది నిజమేనేమో అని నాకే అనిపించింది. అప్పుడు సందు అవతల గడియ తీసిన చప్పుడు వినపడింది. తోడికోడలు గుమ్మంలోకి వచ్చింది. జుట్టు ముడి వేసుకోలేదు, తువ్వాలు లేదు.

"ఆ. వస్తన్నా" అంది, మైకు వైపు చూస్తూ.

కార్యక్రమం అయిపోయింది. వెంటనే ఒక గొంతు వచ్చి, ఈ రోజు అక్కడక్కడా వానలు పడే అవకాశం ఉందని చెప్పింది. పాస్టరు గారు గబుక్కున ఆపేశారు. అప్పుడు మొదలైంది నవ్వు. మిషను కుట్టే పిల్ల తన క్యారేజీ మూత తీసి చూపించింది, లోపల ఏమీ లేదు, ఖాళీ గిన్నె పట్టుకుని వచ్చేసింది. ఒకావిడ చొక్కా తిరగేసి తొడుక్కుంది. నవ్వుతూ నవ్వుతూ కొంతమంది కళ్లు తుడుచుకుంటున్నారు. నేను కూడా.

తోడికోడలు నవ్వలేదు.  చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి పట్టుకుని, వాననీళ్లు పారుతున్న ఆ కాలువ దాటి, మా గుమ్మం ముందుకొచ్చి ఆగింది. మేస్త్రి ఎదురుగానే ఉంది. అయినా లోపల నిద్రపోతున్న మనిషిని పిలిచినట్టే పిలిచింది.

"అక్కా... వస్తన్నావా..."

అలవాటు లేని గొంతు, మధ్యలో జీరపోయింది. దీర్ఘం మాత్రం వదల్లేదు. వీధిలో నవ్వులు ఆగిపోయాయి. మేస్త్రి నోరు తెరిచింది. గాలే వచ్చింది. ఇంకోసారి ప్రయత్నించింది. తోడికోడలు కదల్లేదు, జవాబు వచ్చేదాకా కదలకూడదు కదా. మేస్త్రి నా చెయ్యి వదిలి లోపలికి పోయింది. క్యాలెండరు కింద మేకుకున్న క్యారేజీ తీసుకొచ్చి, గుమ్మంలో నిలబడి, మూత తీసి గిన్నె మీద రెండుసార్లు కొట్టింది.

"ఎల్లుండికి నేల ఆరిద్దక్కా" అంది తోడికోడలు. "నువ్వు ముందు నడువు. పిలుపు నేను పిలుస్తా."

మేస్త్రి మళ్లీ మూత కొట్టింది.